చిల్లర మాటల గుట్ట

మా కంపెనీ గీజర్లు కొన్నవాళ్ళు ఫోన్లో రాసి పంపే మాటలన్నీ ఇప్పుడు ఒక యంత్రం చదువుతుంది. ఆ యంత్రానికి చదువు చెప్పింది నేను, ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. నవ్వాలనుకునేవాళ్ళు ఇక్కడే నవ్వేయండి. తర్వాత వీలుపడదు.

ఇరవైరెండేళ్ళు గోడలకు గ్యాస్ గీజర్లు బిగించాను. నిచ్చెన మీంచి పడి మోకాలు పోయాక కంపెనీవాళ్ళు దయతలచి ఆఫీసులో ఒక కుర్చీ ఇచ్చారు. దయ అన్నది వాళ్ళ మాట. కోర్టుకంటే కుర్చీ చవక అన్నది నా మాట. ఆ కుర్చీలో కూర్చుని నేను చేయాల్సిన పని ముక్కలకు ముద్రలు వేయడం.

జనం రాసిందాన్ని యంత్రం ముందు ముక్కలు కోస్తుంది. ఒక్కో వాక్యం ఒక్కో ముక్క. పేక కలిపినట్టు అందరి ముక్కలూ కలిపేసి ఒక్కొక్కటే తెర మీద పడేస్తుంది. రాసిందెవరో, దాని ముందు ఏం రాశారో, వెనక ఏం రాశారో కనపడదు. తెర కింద గళ్ళుంటాయి. వేడి, నీళ్ళ ధార, చప్పుడు, లీకు, మెకానిక్ తీరు. రాసినవాడు సంతోషంగా ఉన్నాడా, కోపంగా ఉన్నాడా, రెండూ కాదా అన్నదానికి ఇంకో మూడు. ముక్క చూసి గడి నొక్కాలి. అన్నింటికంటే చివర ఒక గడి ఉంటుంది. దాని పేరు చిల్లర. ఎందులోనూ ఇమడనిది అందులోకి.

మొదటివారంలో ఒక ముక్క దగ్గర ఆగిపోయాను. మా మేనేజరు వెనకే నిలబడి ఉన్నాడు. నాకంటే పదిహేనేళ్ళు చిన్న. ఎండాకాలం కూడా మెడకు టై కడతాడు కాబట్టి అతని పేరు టైబాబు.

"సార్, 'ఒళ్ళంతా బరువుగా ఉంటోంది' అని రాశారెవరో. ఇది ఎందులో వెయ్యాలి?"

"అందులో గీజర్ ఉందా?"

"ముక్కలో లేదు సార్."

"మరింకేంటి? చిల్లరలో పడెయ్. మనం అమ్మేది గీజర్లయ్యా, ఒళ్ళు పట్టడం కాదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, నొక్కాను.

తర్వాత అలాంటివి వస్తే ఆగలేదు. తలనొప్పి అంటే చిల్లర. మా ఆయన మతిమరుపు మనిషైపోయాడు అంటే చిల్లర. పిల్లి వాంతి చేసుకుంది అంటే చిల్లర. రోజుకు ఆరొందల ముక్కలు పూర్తిచేస్తేగానీ లేవనివ్వరు. ఎవరి తల ఎందుకు నొస్తోందని ఆలోచిస్తే నా తల ఎవరు పట్టించుకుంటారు?

ఆ యంత్రానికి ప్రోగ్రాం రాసిన అమ్మాయి నా పక్క బల్ల దగ్గరే కూర్చునేది. పాతికేళ్ళుంటాయి. బిస్కెట్లు నములుతూ, పొడి కీబోర్డు మీద రాలుస్తూ పనిచేస్తుంది. ఆఫీసంతా యంత్రం పిల్ల అంటారు. నన్ను గురువుగారూ అని పిలిచేది. వెటకారమే, కానీ అందులో విషం లేదు.

నాలుగు నెలల్లో నేను ముద్ర వేసిన ముక్కలు అరవైవేలకు దగ్గరపడ్డాయి. ఒకరోజు ఆ పిల్ల కుర్చీ తిప్పి, "గురువుగారూ, మీ శిష్యుడు పాసయ్యాడు. నూటికి తొంభైనాలుగుసార్లు మీరు ఏ గడి నొక్కుతారో వాడూ అదే నొక్కుతున్నాడు," అంది. నా జన్మలో నా మాట ఇంతగా విన్నవాళ్ళు లేరు. భార్య వినలేదు, వెళ్ళిపోయింది. మోకాలు వినడంలేదు. యంత్రం వింది. ఎందుకు దాచాలి, ఆ పూట ఛాతీ ఉబ్బింది.

అప్పటినుంచీ అది తనే చదువుకుంటోంది. అనుమానం వచ్చినవి మాత్రం నాకు పంపుతుంది.

నెల తిరక్కముందే, చలి ముదిరిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం మూడున్నరకి, యంత్రం పిల్ల కేకేసింది.

"గురువుగారూ, ఓసారి ఇటు రండి. మీవాడు చిల్లరంతా ఏరి గుట్టలు పోశాడు."

ఎవరూ చెప్పకపోయినా ఒకేరకం మాటల్ని ఒకచోట పోగేసే విద్య కూడా దానికి నేర్పిందట. తెర మీద చుక్కలు. వాతావరణం గురించి రాసినవాళ్ళొక గుట్ట, పక్కింటివాళ్ళని తిట్టినవాళ్ళొక గుట్ట. మధ్యలో ఒకటి, అన్నింటికంటే లావుగా, తేనెపట్టులా ఉంది.

"దీనికి నిద్ర గుట్ట అని పేరు పెట్టాను," అంది. "చదివితే నవ్వొస్తుంది. స్నానం చేసి అందరూ తెగ నిద్రపోతున్నారు."

టైబాబు అప్పటికే ఆమె వెనక చేతులు రుద్దుకుంటూ నిలబడ్డాడు. "చూశావటయ్యా! వేడినీళ్ళ సుఖం అంటే అదీ. కొత్త ప్రకటన దొరికింది మనకి. 'మా నీళ్ళు మిమ్మల్ని జోకొడతాయి!'"

నేను వంగి చదివాను. కూర్చున్నచోటే నిద్ర ముంచుకొస్తోంది. మధ్యాహ్నం కూడా పడుకుండిపోతున్నాను. తల దిమ్ముగా ఉంటోంది. కాళ్ళు దూదిలా అయిపోతున్నాయి. గోడ పట్టుకుని బయటికి వచ్చాను. తలనొప్పి. తలనొప్పి. కళ్ళద్దాలు మార్చినా తలనొప్పి.

వీటిలో సగం నా చేతులమీదుగా పోయినవే. ఒక్కొక్కటిగా చూసినప్పుడు అవి చిల్లరే. ఒకేచోట చూసేసరికి నా వీపు మీద ఎవరో తడిచెయ్యి పెట్టినట్టయింది.

నాకు పని నేర్పిన మేస్త్రి బతికున్నన్నాళ్ళూ ఒకే మాట చెప్పేవాడు. "నీలం మంట నమ్మినబంటురా. పసుపు మంట దొంగ. గాలి చాలకపోతే మంట పసుపవుతుంది, విషం కక్కుతుంది. దానికి వాసనుండదు, పొగుండదు. మనిషికి తల నొప్పెడుతుంది, నిద్రొస్తుంది, అంతే. లేచేవాడు లేస్తాడు."

"అమ్మాయ్," అన్నాను. "ఈ ముక్కలు రాసినవాళ్ళ మిగతా ముక్కలు కూడా కలిపి చూపించగలవా? ముందు రాసింది రాసినట్టు?"

"అతికించడమా? చిటికెలో పని. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు."

చిటికెలోనే చేసింది. ఇన్ని నెలలుగా కోసిన మాటలు మళ్ళీ మనుషులయ్యాయి.

మొదట ఒక పెద్దాయనవి కనబడ్డాయి. వారానికి ఒకటి, సోమవారం సోమవారం, మొత్తం ఆరు. "అయ్యా, గీజరు బ్రహ్మాండంగా ఉంది. నీళ్ళు వెంటనే కాగుతున్నాయి. మీ మెకానిక్ కుర్రాడు మర్యాదస్తుడు. ఒక్క విషయం. స్నానం చేసి వచ్చాక మా ఆవిడ మంచం దాకా కూడా నడవలేకపోతోంది. దీనికీ దానికీ సంబంధం ఉందేమో దయచేసి చెప్పగలరు." ఆరింటిలోనూ అదే మర్యాద, అదే ప్రశ్న. మొదటి మూడు ముక్కలకూ సంతోషం, సంతోషం, సంతోషం అని ముద్రలేసింది నేనే. చివరివి చిల్లర. యంత్రం మొత్తానికి లెక్క తేల్చి అయిదు నక్షత్రాల మనిషి అంది. ఆరో ఉత్తరం తర్వాత ఏమీ లేదు. పక్కన ఆకుపచ్చ గుర్తు పెట్టి, 'సమస్య తీరింది' అని ఉంది.

"తీరిందని ఎవరు చెప్పారు?"

"ముప్ఫైరోజులు మళ్ళీ రాయకపోతే తీరినట్టే అని రూలు, గురువుగారూ." చెప్తూ చెప్తూ ఆ పిల్ల నమలడం ఆపేసింది.

"గీజర్ ఏ మోడల్?"

వేలితో కిందికి జరిపింది. ఒకటీ రెండూ కాదు, నిద్ర గుట్ట మొత్తం ఒకే మోడల్. నిరుడు వచ్చిన గోడ మోడల్. పొగ గొట్టం పక్కనుంచి గోడలోంచి బయటికి పోతుంది. పిట్టలు దూరకుండా గొట్టం మూతికి సన్నటి జల్లెడ బిగించారు. నాలుగు రోజులు దుమ్ము పడితే ఆ జల్లెడ మూసుకుపోయి పొగ గదిలోకే తిరుగుతుందని ఏ మెకానిక్ అయినా చెప్తాడు. మమ్మల్ని అడగలేదు. 'కిటికీ అక్కర్లేదు' అని అట్టపెట్టె మీద అచ్చేశారు.

ఆ పిల్ల వేలు ఇంకా జరుగుతూనే ఉంది. "ఆగు," అన్నాను.

"మా అన్నయ్య దగ్గరుండి పెట్టించాడు, ఆయన చెయ్యి పడితే ఇంక తిరుగుండదు. నీళ్ళు సూపర్. మా రేడియోకి మాత్రం స్నానం చేసినప్పుడల్లా తలనొప్పిట, హోంవర్కు ఎగ్గొట్టే వేషాలు. అయిదు నక్షత్రాలూ ఇచ్చాను, అన్నయ్యకి చెప్పండి."

రేడియో నా మేనకోడలు. పన్నెండేళ్ళది. కళ్ళు తెరిచినప్పటినుంచీ మూసేదాకా పాడుతూనే ఉంటుందని ఆ పేరు నేనే పెట్టాను. ఆ మాటలు రాసింది నా చెల్లెలు. రాసి పదకొండు రోజులైంది. యంత్రం వాటిని నా దాకా రానివ్వలేదు, ఎందుకంటే దానికి అనుమానమే రాలేదు. నేను అంత బాగా నేర్పాను.

ఉద్యోగుల ధరకి ఆ గీజర్ ఇప్పించింది నేను. బిగించిన కుర్రాడి పక్కన నిలబడి, ఇలా కాదు అలా అని అజమాయిషీ చేసింది నేను. వారం తర్వాత చెల్లెలు, "అన్నయ్యా, స్నానాలగది కిటికీలోంచి చలి కోసేస్తోంది," అంటే, పెట్టె మీది అచ్చు నమ్మి, కిటికీకి చెక్క కొట్టి, సందుల్లో గుడ్డపీలికలు కుక్కింది కూడా నేనే.

ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఆగింది. మళ్ళీ చేశాను. ఎత్తలేదు.

గడియారం నాలుగుంపావు. రేడియో బడినుంచి నాలుగింటికి వస్తుంది. బంతాట ఆడి ఒళ్ళంతా మట్టితో వస్తుంది కాబట్టి, రాగానే స్నానం. వాళ్ళమ్మ పెట్టిన కట్టడి అది.

నేను లేచేసరికి టైబాబు అడ్డం వచ్చాడు. "ఎక్కడికయ్యా? కంగారుపడితే ఎలా? ముందొక రిపోర్టు రాద్దాం. పైవాళ్ళు చూస్తారు."

"మీ ఇంట్లో ఏ మోడల్ సార్?"

అతని చెయ్యి టై మీదికి పోయింది. "మాది... కరెంటుదయ్యా."

"పదండి గురువుగారూ, నా స్కూటర్ ఉంది," అంది యంత్రం పిల్ల. లాప్‌టాప్ అలాగే మూసి సంచిలో కుక్కేసింది.

ఆ పిల్ల బండి నడపడం కూడా కంప్యూటర్ నడిపినట్టే, వెనక్కి చూడదు. నా కుంటికాలు ఒకపక్క చాచుకుని, ఒక చేత్తో ఫోన్ చెవికి నొక్కుకుని కూర్చున్నాను. మోగుతోంది. ఎత్తడంలేదు. రోడ్డు పొడుగునా ఎర్రదీపాలే.

"ఎత్తిందా?"

"లేదు."

"ఫోన్ సైలెంట్లో పెట్టుకుని ఉంటారు. మా అమ్మ కూడా అంతే."

"మాట్లాడకు తల్లీ, నడుపు."

"మాట్లాడకపోతే భయమేస్తోంది గురువుగారూ." హారన్ నొక్కుతూనే ఉంది. "దానికి నిద్ర గుట్ట అని పేరు పెట్టి నవ్వాను నేను. పిలిచి మరీ చూపించాను."

"నేను మొదటివారంలోనే నవ్వాను. నడుపు."

చెల్లెలి ఇల్లు మూడో అంతస్తు. మోకాలున్న సంగతి మర్చిపోయాను. తలుపు బాదితే చెల్లెలే తీసింది. చేతులు తడిగా ఉన్నాయి, భుజం మీద ఉతికిన బట్టలు.

"ఏంటన్నయ్యా, కొంప మునిగినట్టు? బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నా. ఎవరీ అమ్మాయి? కూర్చో, మంచినీళ్ళు..."

"రేడియో ఏదీ?"

"స్నానానికి వెళ్ళింది. పావుగంటైంది. విను, పాడుతూనే ఉంది కదా, చెవులు చిల్లులు..."

ముగ్గురం విన్నాం. నీళ్ళు పడుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

చెల్లెలి భుజం మీది బట్టలు కింద పడ్డాయి. "ఇందాక పాడింది," అంది. "ఇందాక పాడిందన్నయ్యా."

స్నానాలగది తలుపుకి లోపల గడియ. పిలిస్తే పలకలేదు. ఆ గడియ కూడా నేనే బిగించాను. పిల్ల పెద్దదవుతోంది, గట్టిగా ఉండాలని పొడుగు స్క్రూలు పెట్టి మరీ బిగించాను. మంచిపనివాణ్ణని పేరు నాకు. ఒకసారి భుజంతో గుద్దాను. కదల్లేదు. రెండోసారీ అంతే. మూడోసారి యంత్రం పిల్ల కూడా నాతోపాటు గుద్దింది. చెక్క చీలింది.

ఆవిరి. ఆవిరిలో, గోడ మీద, గీజర్ చిన్నకిటికీలోంచి మంట కనబడింది. పసుపు.

ఊపిరి బిగబట్టి గ్యాస్ కట్టేశాను. రేడియో మూల గోడకి జారబడి కూర్చుని ఉంది, గడ్డం ఛాతీకి ఆనించి, నిద్రపోతున్నట్టే. చెల్లెలు తువ్వాలు చుట్టింది, నేను చంకల్లో చేతులేసి బాల్కనీలోకి ఈడ్చాను. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఎప్పుడూ లేనంత కళగా ఉంది పిల్ల. మేస్త్రి అదీ చెప్పాడు, ఆ విషం మనిషిని అందంగా చేసి తీసుకుపోతుందని.

"లే అమ్మా. పాడు. ఏదో ఒకటి పాడు. నేను తిట్టను, లే."

చెల్లెలు చెంపలు తట్టింది. యంత్రం పిల్ల ఫోన్లో అంబులెన్సువాళ్ళకి వీధిపేరు రెండుసార్లు తప్పు చెప్పి, మూడోసారి సరిగ్గా చెప్పింది. చలిగాలి కొడుతోంది. మూసేస్తే మంచిదనుకున్న ఆ చలిగాలే. ఎంతసేపో నాకు తెలీదు. పిల్ల ఒక్కసారి ఎక్కిళ్ళు పెట్టినట్టు ఊపిరి లాగి, నా చొక్కా మీద కక్కింది. కళ్ళు సగం తెరిచింది.

"మామయ్యా," అంది. "తలనొప్పి."

*

ఆసుపత్రిలో ముక్కుకి గొట్టం పెట్టి ఆక్సిజన్ ఎక్కించారు. ఇంకో పది నిమిషాలైతే కష్టమయ్యేదని, రెండురోజులు ఉంచి పంపిస్తామని డాక్టరమ్మ చెప్పింది. చెల్లెలు మంచం పక్కన కూర్చుని పిల్ల పాదం వదలకుండా పట్టుకుంది. నావైపు చూడలేదు. గోడతో చెప్పినట్టు అంది.

"నువ్వు బిగించావనే కదా, బాగుందని రాశాను."

బయటికి వచ్చేశాను.

యంత్రం పిల్ల మెట్ల మీద కూర్చుని లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. ఆమె ఫోన్లోంచి టైబాబు గొంతు నాకూ వినబడుతోంది. "చూడమ్మా, నువ్వు ఎవరికీ ఫోన్లు చెయ్యొద్దు. పైవాళ్ళు వకీలుతో మాట్లాడుతున్నారు. వింటున్నావా?"

"వినపడట్లేదు సార్, లిఫ్టులో ఉన్నాను," అని పెట్టేసింది. తర్వాత నావైపు తెర తిప్పింది. "రెండొందల పన్నెండు ఇళ్ళు గురువుగారూ. ఫోన్ నంబర్లు తీశాను. సగం మీరు, సగం నేను. చలికాలం, సాయంత్రం... అందరూ ఇప్పుడే స్నానాలు చేస్తుంటారు."

"మొదట ఆ పెద్దాయన," అన్నాను. "ఆరు సోమవారాలాయన."

రెండుసార్లు మోగగానే ఎత్తారు. ముసలి గొంతు, నిదానంగా. కంపెనీ పేరు చెప్పి, గీజర్ వాడొద్దు, వెంటనే కట్టేయండి, కిటికీలు తెరవండి అని ఒక్క ఊపున చెప్పేశాను.

"నేనిప్పుడు ఆ ఇంట్లో లేను బాబూ. మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మా ఆవిడ పోయింది. నెలన్నరైంది. స్నానానికి వెళ్ళి రాలేదు. గుండె ఆగిందన్నారు డాక్టర్లు, వయసైంది కదా అన్నారు."

నేను మెట్ల కమ్మీ పట్టుకున్నాను.

"నేను ఆరుసార్లు రాశాను బాబూ," అన్నాడు. కోపంగా కాదు. అదే మర్యాద. "జవాబు రాలేదు. ఊరికే అడుగుతున్నాను, ఏమీ అనుకోకు. అవి ఎవరైనా చదివారా?"

చదివాను. ఏ ముక్కా వదలకుండా చదివాను. ఆ మాట నోటిదాకా వచ్చింది, దాన్ని తోసుకుంటూ ఇంకోటి వచ్చింది.

"అయ్యా, ఆ ఇల్లు ఖాళీగానే ఉందా?"

"లేదు బాబూ, అద్దెకిచ్చాం. నిన్ననే దిగారు ఎవరో. చంటిపిల్ల ఉందిట. గీజరు బాగా పనిచేస్తోంది కదా అని తీయలేదు..."

"వాళ్ళ ఫోన్ నంబర్ ఉందా?"

"మా అబ్బాయికి తెలుసు. వాడు డ్యూటీలో ఫోన్ ఎత్తడు, ఏడింటికి గానీ ఇంటికి రాడు."

"ఇంటి అడ్రసు చెప్పండి."

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు, నింపాదిగా, వీధి మలుపుతో సహా. నేను ఒక్కో మాటా పైకి అంటుంటే యంత్రం పిల్ల సంచి భుజాన వేసుకుని, స్కూటర్ తాళం వేళ్ళ మధ్య పట్టుకుని, అప్పటికే మెట్లు దిగుతోంది. మిగతా ఇళ్ళకి బండి మీంచే ఫోన్లు చేసుకోవాలి. ఆయన ఇంకా చెప్తూనే ఉన్నాడు. నేను కుంటుకుంటూ ఆమె వెనకే దిగాను.